బారువ మొగలో మునిగిన అంబాసిడర్

2003 జనవరి. నేను పలాస కాశీబుగ్గలో సర్వేయరుగా పనిచేస్తున్న రోజులు. సర్వేయరు అనగానే పొలాలు కొలిచేవాడు అనుకుని, గట్టు తగాదా తీర్చమని మా ఇంటికి వచ్చినవాళ్లున్నారు. మాది ఆ పని కాదు. బండికి యాక్సిడెంటైతే బీమా కంపెనీ మమ్మల్ని పంపుతుంది. దెబ్బలు చూసి, ప్రమాదం నిజమో కాదో తేల్చి రిపోర్టు రాస్తాం. క్లెయిము పాసవడమైనా, పోవడమైనా ఎక్కువగా ఆ రిపోర్టు మీదే.

అబద్ధాన్ని పసిగట్టడంలో నాకు కాస్త పేరుండేది. పాత సొట్టను కొత్త ప్రమాదంలో కలిపేసేవాళ్లు, లైసెన్సు లేని తమ్ముడు నడిపితే లైసెన్సున్న బావ పేరు రాయించేవాళ్లు, అందరినీ చూశాను. చూసి చూసి, ఎవరేం చెప్పినా ముందు నమ్మకపోవడం అలవాటైంది. ఆ అలవాటునే తెలివి అనుకునేవాణ్ని.

అలాంటి నా దగ్గరికి కవిటి లోకనాథం ఫైలు వచ్చింది. ఆయనకు నాలుగెకరాల కొబ్బరితోట, ఒక పాత అంబాసిడర్ ఉన్నాయి. భార్య దమయంతికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు విశాఖపట్నంలో డయాలసిస్. అందుకోసమే తోటలో కొంత అమ్మి ఆ కారు కొన్నాడు. అక్టోబరు ఆఖరి వానల్లో ఒకరోజు బారువలో బంధువుల్ని చూసి ఒక్కడూ తిరిగి వస్తుంటే, ఏటి మీది కాజ్‌వేపై ఇంజను ఆగిపోయింది. దిగి తోస్తుండగా వరద కారును లాక్కుపోయింది. మొగలి డొంక పట్టుకుని తాను బతికాడు. ఆ వానలో చుట్టుపక్కల మనిషి లేడు. నీళ్లు తీశాక పోలీసులు ఏరు సముద్రంలో కలిసే మొగదాకా వెతికారు. కారు దొరకలేదు.

బండి పడినచోటే, కదపకముందు చూడటాన్ని స్పాట్ సర్వే అంటారు. ఇక్కడ స్పాట్ ఉంది, బండి లేదు. ఇచ్ఛాపురం దాటితే ఒరిస్సా. కారు సరిహద్దు దాటించి అమ్మేసి, ఏటి మీద నేరం తోశాడని కంపెనీలో అనుమానం. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. క్లెయిము తోసిపుచ్చడాన్ని మా వాడుకలో రిపుడియేషన్ అంటారు. ఆ మాట టైపు కొట్టడం ఒక్కటే మిగిలింది.

అప్పుడే భార్యాభర్తలిద్దరూ నా ఆఫీసుకు వచ్చారు. ఆమె ఎడమచేతికి సూదులు గుచ్చినచోట దూది అంటించి ఉంది. కుర్చీ చూపించేలోపే గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

"బండి కనబడకుండా టోటల్ లాస్ అని ఎలా రాయను లోకనాథం గారూ?" అన్నాను. టోటల్ లాస్ అంటే బాగుచేయడానికి వీల్లేకుండా పోయిన బండి.

"ఏటి సెప్పమంతారు బాబూ. ఏరు అట్టుకెల్లిపోనాది. ఎక్కడెట్టినాదో నాకెలగ తెలుత్తాది?" అన్నాడాయన.

"ఇప్పుడు విశాఖ ఎలా వెళ్తున్నారు?"

"పలాస దాకా బస్సు, ఆపైన రైలు. వచ్చీటప్పుడు నిల్సోనేక టేసన్లో బల్ల మీద పడుకుంటంది. మొన్న గురువారం ఎల్లనేదు. ఇంక మానేత్తానంటంది బాబూ."

దమయంతి తల ఎత్తకుండానే అంది: "మానేత్తే ఈయనకి తిరుగుడు తప్పుద్ది కదండి."

డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో, ఊరూరా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ నా ఫారంలో జాలికి గడి లేదు. ఫైలు మూసేముందు బారువ ఒక్కసారి చూసొస్తానని మాత్రం చెప్పాను.

మర్నాడు సోంపేట మీదుగా స్కూటర్ మీద వెళ్లాను. ఒడ్డున కనిపించిన వాళ్లందరినీ అడిగాను. కారు చూశారా? చూడలేదు. కొట్టుకుపోవడం చూశారా? చూడలేదు. ఆశ వదులుకుని ఒక పడవ నీడన కూర్చున్నాను. పక్కనే గురువులు అనే ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన తెడ్డు విరిగినచోట నల్ల రబ్బరు చుట్టి ఉంది. ఆ రబ్బరుకు రెండువైపులా గాడి ఉంది. కారు ముందద్దం చుట్టూ బిగించే బీడింగ్ అది. ఇరవై ఏళ్లుగా అలాంటివి విప్పించి చూసినవాణ్ని, పొరబడే అవకాశం లేదు.

"ఇది ఎక్కడిది తాతా?"

"వలకి తగులుకుని వొచ్చినాది."

"ఎక్కడ?"

ఆయన దారం పంటితో తెంపి, ఇంకో కన్ను అల్లడం మొదలుపెట్టాడు. పోలీసులు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"ఆల్లు కారు సూసినావా అన్నారు. నాను కారు సూడనేదు. నా వల తెగినాది. వల తెగినాదా అని ఎవులూ అడగనేదు" అన్నాడు.

నేనూ అడగలేదు. కాసేపటికి ఆయనే అసలు సంగతి బయటపెట్టాడు. నీటి అడుగున గట్టి వస్తువేదైనా పడితే దాని చుట్టూ చేప చేరుతుంది. మూడు నెలలుగా ఊళ్లో ఎవరికీ చెప్పకుండా ఆయన అక్కడే గాలం వేసుకుంటున్నాడు. అలాంటి చోటు దొరికితే సొంత తమ్ముడికి కూడా చెప్పరట. కారును బయటికి తీస్తే చేప పోతుంది.

నేను బెదిరించలేదు. బెదిరించే హక్కు నాకు లేదు. దమయంతి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చేతులు ఆగాయి.

"వారానికి రెండుపాల్లా?"

"రెండుసార్లు. మొన్న ఒకటి మానేసింది."

"మా అన్నా అలగే మానేసినాడు" అన్నాడు గురువులు. వల మడతపెట్టి లేచాడు. "రేపు పొద్దున్నే రండి. ఎండెక్కితే గాలి లేత్తాది."

మర్నాడు ఆయన, ఆయన అల్లుడు, నేను పడవలో వెళ్లాం. అలలు దాటాక నాకు నాలుగువైపులా ఒకేరకం నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. గురువులు నీళ్లకేసి చూడనే లేదు. ఒడ్డుకేసి చూస్తున్నాడు. ఒకవైపు లైట్‌హౌస్ వెనక ఒక తాటిచెట్టు దాక్కునేదాకా పడవ జరిపించాడు. ఆ వరస తప్పకుండా ముందుకు పోనిచ్చి, ఇంకోవైపు కొబ్బరితోట చివరి చెట్టు నెత్తి మీదికి మహేంద్రగిరి శిఖరం వచ్చేదాకా చూశాడు. ఆ రెండు గీతలు కలిసేచోట పడవ ఆపి, "దిగు" అన్నాడు.

అల్లుడు దూకాడు. రెండోసారి పైకి వచ్చి పడవ అంచు పట్టుకుని, "తలుపు పట్టుకున్నాను మావా" అన్నాడు.

టేపుతో రోడ్డు మీద కొలిచి, రెండడుగుల తేడాతో రిపోర్టులు రాసినవాణ్ని నేను. ఈయన కొండనీ తాటిచెట్టునీ పట్టుకుని, రెండు నిలువుల లోతు నీళ్లలో కారు తలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ క్షణంలో ఆయనకు దండం పెట్టాలనిపించింది. సిగ్గుపడి ఊరుకున్నాను.

కబురు అందుకుని మధ్యాహ్నానికి లోకనాథం వచ్చాడు. కారు యాక్సిల్‌కు తాడు కట్టారు. ట్రాక్టరు తెస్తే ఇసుకలో అదే దిగబడుతుందన్నారు. నలభై మంది తాడు పట్టుకున్నారు. లాగుతారనుకున్నాను. గురువులు చెయ్యెత్తి ఆపాడు. ఒక అల వెళ్లిపోయింది. రెండోదీ వెళ్లిపోయింది. మూడోది పెద్దది, కారును కాస్త లేపింది. "ఇప్పుడు" అన్నాడు. అందరూ ఒక్కపట్టున లాగారు. అల తిరిగిపోయేటప్పుడు తాడు బిగబట్టి నిలబడ్డారు. అలా రెండు గంటలు. అంబాసిడర్ నెమ్మదిగా ఒడ్డుకు వచ్చింది. కిటికీల్లోంచి ఇసుక, నీళ్లు, చిన్న చేపలు కారాయి.

బానెట్ తెరిచి, కిరసనాయిలుతో, గరుకు కాగితంతో తుప్పు తుడిచాను. ప్రతి కారు మీదా అచ్చుగుద్దిన ఛాసిస్ నంబరు ఉంటుంది, అది మనిషికి వేలిముద్ర లాంటిది. దాని మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. ఫైల్లో ఉన్న నంబరుతో సరిపోయాయి. లోకనాథం ఇసుకలో కూలబడి, తడి బానెట్ మీద చెయ్యి వేసి ఏడ్చాడు. నేను ఆయన పక్కనే కూర్చుని క్షమించమన్నాను. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. నా సంచిలో ఆయన క్లెయిము తోసిపుచ్చే సగం రాసిన కాగితం ఉందని ఆయనకు తెలియదు.

రిపోర్టులో, బండిని బయటికి తీసిన క్రేన్ నంబరు రాయాల్సిన చోట, "నలభై మంది, ఒక తాడు, అలలు" అని రాశాను. కంపెనీ మేనేజరు ఫోన్ చేసి, అలల దగ్గర రసీదు తీసుకున్నారా అని వెక్కిరించాడు. కానీ ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు ఎదురుగా ఉంటే కాదనేందుకేమీ లేదు. మార్చిలో క్లెయిము పాసైంది.

ఆ తరువాత నా పనిలో ఒక ప్రశ్న మారింది. ప్రమాదం జరిగినచోట ఎవరినీ "బండి చూశారా" అని ముందు అడగను. "ఆ రోజు మీ పనికేమైనా ఇబ్బంది వచ్చిందా" అని అడుగుతాను. నాకు కావలసిన సాక్ష్యం చాలాసార్లు ఎదుటివాళ్ల పనిలోనే దొరికింది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం వేరే పని మీద బారువ వెళ్తే, ఒడ్డున ఒక సెకండ్‌హ్యాండ్ అంబాసిడర్ ఆగి ఉంది. లోకనాథం, మరో ముగ్గురు కలిసి పగిలిన సిమెంటు బావి వరలను పడవలోకి ఎక్కిస్తున్నారు.

"ఇవెందుకు తాతా?" అని గురువులును అడిగాను.

"సేపకండి. కారు తీసేసినాం కదా. దానికీ ఓ ఇల్లుండాల" అన్నాడాయన, లైట్‌హౌస్ వెనకున్న తాటిచెట్టును చూసుకుంటూ.

కారు వెనక సీట్లో, విశాఖ నుంచి తిరిగి వస్తున్న దమయంతి కాళ్లు చాపుకుని నిద్రపోతోంది. ఆమె లేస్తుందేమోనని, వరలు మోసేవాళ్లందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.