చప్పుడాగితే బ్రేకు

చప్పుడు లేకపోవడం కూడా చెవికి వినబడుతుందా? పెద్దవాళ్లని అడిగితే నవ్వి ఊరుకుంటారు. పిల్లల్ని అడిగితే, వినబడకేం అంటారు. ఇప్పటికీ తేలని ఈ ప్రశ్న మొదట పుట్టింది మాత్రం బస్సత్త కుడికాలి దగ్గర.

బస్సత్త అసలు పేరు వాళ్ల స్కూలు గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తుండదు. ఇది తమ్ముడి పిల్లలు పెట్టిన పేరు. స్కూలు బస్సు నడిపే అత్త కాబట్టి బస్సత్త. నిజానికి ఆ బస్సులో ఆమె మొదట ఆయాగా చేరింది. పిల్లల్ని ఎక్కించడం, దించడం, ముక్కులు తుడవడం ఆమె పని. డ్రైవరు పక్కన నిలబడి ఆయన కాళ్లూ చేతులూ చూసి చూసి, ఆయన మానేసే నాటికి బండి తోలడం వంటబట్టించుకుంది. లైసెన్సు ఇచ్చే ఆఫీసరు "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగితే, "నిలబడి నేర్చుకున్నానండీ" అందట. అప్పట్నుంచి జుట్టు నెరిసేదాకా అదే బస్సు, అవే మలుపులు. ఇల్లంటే సైకిల్ షాపు మీది ఒంటిగది. కింద పొద్దస్తమానం సుత్తి దెబ్బలు, పైన రేడియో. పడుకున్నా రేడియో కట్టేయదు.

తమ్ముడిది కళ్లద్దాల షాపు. మరదలు ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఆఫీసులో పనిచేస్తుంది. పెద్దది ఆరేళ్ల పిల్ల, నోరు మూతపడదు. బుడ్డోడికి ఇంకా మూడు నిండలేదు. సంత పక్కనున్న పాత ఇల్లు ఇరుకని, ఊరి చివర కొత్త అపార్టుమెంటుకి మారారు. కిటికీలకి రెండేసి అద్దాలు, చీమ నడిచినా వినబడేంత ప్రశాంతం. ఆ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి బుడ్డోడికి నిద్ర కరువైంది. కారెక్కించి తిప్పితే పడుకుంటాడు, కారాగితే కళ్లు తెరుస్తాడు. డాక్టరు "ఎదిగితే అదే సర్దుకుంటుంది" అన్నాడు. అది సర్దుకునే లోపల తల్లి పని అయిపోయేలా ఉంది. ఒకరోజు చెవికి ఫోను తగిలించుకునే కునుకు తీసింది. అవతలివాడు తిట్టీ తిట్టీ, చివరికి గురక విని పై ఆఫీసరుకి చెప్పాడు. సెలవు పెట్టి పిల్లాడి సంగతి చూసుకు రమ్మన్నారు. తిరిగి చేరేనాటికి ఇది ఒక దారికి రాకపోతే ఉద్యోగం వదులుకోవాల్సిందే.

అప్పుడు తమ్ముడికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

"మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుందాం అక్కా! ఇల్లే కదులుతుంటే వీడు పడుకుంటాడు, మేమూ పడుకుంటాం. అంత పెద్ద బండి నావల్ల కాదు. నీకెలాగూ స్కూలు సెలవులేగా?"

"అంటే మీరంతా పడుకుంటారు, నేను తోలతాను. అంతేగా?"

"అంతేగా మరి!"

ఇల్లంటే బీరువాలా కదలకుండా ఉంటుందనుకునే బస్సత్తకి, చక్రాల మీది ఇల్లు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. గోడలోకి ముడుచుకునే బల్ల, అరచేతంత పొయ్యి, కుదుపులకి తెరుచుకోకుండా అలమార తలుపులకి కొక్కేలు. ఒక్కొక్కటీ తీసి, మూసి, మళ్లీ తీసి చూసింది. పెద్దది వెనకాలే తిరిగింది. "బస్సత్తా, మనం ఇంట్లో ఉన్నప్పుడు ఇల్లు మలుపు తిరిగితే, మనం తిరిగినట్టా, ఇల్లు తిరిగినట్టా?"

"ముందు బెల్టు పెట్టుకో. తిరిగాక చూద్దాం."

తాళాలు ఇస్తూ బళ్లు అద్దెకిచ్చే ఆయన చల్లగా ఒక మాట అన్నాడు. "బండి నడుస్తున్నంతసేపూ అందరూ సీట్లలోనే బెల్టులు పెట్టుకుని ఉండాలండోయ్. మంచాలు ఆపాకే దింపాలి."

మరదలు మొగుడి వంక చూసింది. "కదిలితే వీడికి నిద్ర, ఆగితే మనకి మంచం. భలే బండి పట్టుకొచ్చారండీ!"

"వెళ్తే కదా తెలిసేది," అని తమ్ముడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఊరు దాటారు. రోడ్డు తిన్నగా ఉంది. బుడ్డోడు తల వాల్చేశాడు. కాసేపటికి పెద్దదానికీ కునుకు పట్టింది. తల్లి కళ్లు మూతపడుతున్నాయి. అంతలో బండి రోడ్డు పక్కకి దిగి టక్కున ఆగింది. బుడ్డోడు లేచి ఆకాశం బద్దలయ్యేలా ఏడుపు అందుకున్నాడు.

"ఏమైందక్కా? టైరా?"

"టైరుకేం? వెనక చప్పుడు లేదు."

"చప్పుడు లేకపోతే మంచిదేగా!"

"ఏమో రా, నా కాలు దానంతటదే పడింది," అంది బస్సత్త సిగ్గుపడుతూ. స్కూలు బస్సులో గోల ఉంటే అంతా బాగున్నట్టు. గోల ఆగిందంటే ఎవడో రబ్బరు మింగాడన్నమాట, లేదా ఎవరి తలో సీటు కడ్డీల మధ్య ఇరుక్కుంటే మిగతావాళ్లంతా నోళ్లు తెరిచి చూస్తున్నారన్నమాట. అందుకే వెనక నిశ్శబ్దం అయిందంటే ఆమె కాలు బ్రేకు మీదికి పోతుంది.

ఆ మధ్యాహ్నం మరో రెండుసార్లు అదే జరిగింది. మరదలు ఇక ఉండబట్టలేక అంది. "వదినా, మీకు దణ్ణం పెడతాను. వాడు పడుకుంటే ఆపకండి."

"నేను ఆపట్లేదమ్మాయ్. నా కాలు ఆపుతోంది."

సాయంత్రం చెరువు పక్కన బళ్లు నిలిపే చోటికి చేరారు. ఇంజను కట్టేయకుండా ఉంచి చూశారు. అయినా బుడ్డోడు లేచాడు. మర్నాడు ఇంకోచోట తమ్ముడు, పెద్దది కిందికి దిగి బండిని భుజాలతో తోసి ఊయలలా ఊపబోయారు. ఏనుగుని జోకొట్టినట్టుంది వాళ్ల వాలకం. దారిన పోయే ఒకాయన చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి, "స్టార్ట్ అవట్లేదా? నేనూ ఓ చెయ్యి వెయ్యనా?" అన్నాడు. "అయ్యో, పడుకోబెడుతున్నామండీ!" అంది పెద్దది. ఆయన వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. లోపల బుడ్డోడు కిటికీకి ముక్కు ఆనించి చూస్తున్నాడు.

మరదలు మెట్టు మీద కూలబడింది. "ఇంటికి పోదాం. ఉద్యోగం పోతే పోయింది." ఏడవడానికి కూడా ఓపిక లేని గొంతు.

బస్సత్తకి ఆ పూట అన్నం సయించలేదు. తప్పు తన కాలిదో, పిల్లాడిదో తేల్చుకోవాలనుకుంది. వెనక ఏం జరుగుతోందో కనబడితే కాలు కుదురుగా ఉంటుందని, మరదలి పౌడరు అద్దం అడిగి తీసుకుని టేపుతో తలపైన అతికించింది. ఇప్పుడు వెనక సీట్లు ఇంత చిన్నవిగా, స్పష్టంగా కనిపించాయి. కాలు నిజంగానే బుద్ధిగా ఉంది.

మర్నాడు ఒక హోటల్ ముందు ఆపడానికి సిగ్నల్ లైటు వేసి, అద్దంలోకి చూసింది. అప్పటిదాకా షాపు గురించి ఏదో చెబుతున్న తమ్ముడు మాట మింగేశాడు. మరదలు పెదవుల మీద వేలు పెట్టింది. పెద్దది రెండు చేతులతో నోరు మూసుకుంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. అప్పుడు కదిలాయి బుడ్డోడి రెప్పలు. బండి ఇంకా నడుస్తూనే ఉంది!

బస్సత్తకి తన గదిలో రేడియో బ్యాటరీ అయిపోయినప్పుడల్లా ఎవరో తట్టి లేపినట్టు దిగ్గున లేచి కూర్చోవడం గుర్తొచ్చింది. మళ్లీ అద్దంలోకి చూసింది. 'ఒరేయ్, నీదీ నా రోగమేరా?' అనుకుంది.

వాణ్ణి ఆడించి, మళ్లీ బయల్దేరి, వాడు పడుకున్నాక చెట్ల నీడన బండి ఆపుతూ గట్టిగా అడిగింది. "అమ్మాయ్! రోజూ నీకు ఫోన్ చేసి తిట్టే పెద్దమనిషి ఎవరో ఉన్నాడన్నావే, ఇంకా చేస్తున్నాడా?"

"ష్! వదినా!"

"ఆ? వినబళ్లేదు, గట్టిగా చెప్పు."

మరదలికి ఒళ్లు మండింది. "చేస్తున్నాడు! సెలవు పెట్టే ముందు రోజు కూడా చేశాడు! వాళ్ల ఫ్రిజ్‌లో దీపం తలుపు వేశాక ఆరుతోందో లేదో తెలియట్లేదట, నేను కనుక్కుని చెప్పాలట!"

"మరి ఏం చెప్పావ్?"

"లోపల కూర్చుని చూడండి సార్ అని నోటిదాకా వచ్చింది!"

తమ్ముడు పగలబడి నవ్వాడు. పెద్దది "నిజంగా ఆరుతుందా అమ్మా?" అంది. మరదలు ఇంకేదో అనబోతూ కొడుకు వంక చూసింది. బండి ఆగి ఉంది, ఇంజను కూడా ఆగింది. బుడ్డోడు నోరు కాస్త తెరిచి, చొల్లు కారుస్తూ పడుకునే ఉన్నాడు.

"ఆపకు. చెబుతూనే ఉండు," అంది బస్సత్త.

మరదలు చెబుతూనే మంచం దింపింది, చెబుతూనే వాలింది, ఫ్రిజ్ పెద్దమనిషి రెండో ఫిర్యాదు మధ్యలో నిద్రపోయింది. మిగిలిన కథ తమ్ముడు అందుకున్నాడు, తనకి తెలియకపోయినా. అతనికి మాటలు అయిపోతే పెద్దది అందుకుంది. దానికి అయిపోవడమన్నది లేదు.

ఆ తర్వాత ఆ బండిలో మాట ఆగలేదు. ఇంట్లో గుసగుసలు తప్ప మాట్లాడుకోవడం మరిచిపోయిన మొగుడూపెళ్లాలు మొదట అక్కరకొద్దీ మాట్లాడారు. ఏం మాట్లాడాలో తోచక కళ్లద్దాల ఫ్రేముల రకాలూ, సీసాల మీద రాసి ఉన్న అక్షరాలూ పైకి చదివారు. పోనుపోనూ పోట్లాడుకున్నారు. తర్వాత ఎప్పుడో ఒక వానలో ఒకే గొడుగు కింద తడిసిన సంగతి వచ్చింది. గొడుగు ఎవరిదన్న దగ్గర మళ్లీ పోట్లాట. బస్సత్త అద్దంలో మరదలి కళ్ల కింది నలుపు తగ్గడం చూసింది. ఇది మాటల మహిమేనా, వాడికి బండి అలవాటు పడిందా, ఆమెకూ రూఢిగా తెలియదు. అడిగితే "ఏమో మరి. ఇంటికెళ్లాక కిటికీలు తెరిచి చూడండి," అంది.

చివరి రోజు మిట్టమధ్యాహ్నం బండిని తీసుకెళ్లి అద్దెకిచ్చిన యార్డులో నిలబెట్టింది. హ్యాండ్ బ్రేకు లాగింది. వెనక సీట్లో బుడ్డోడు మంచి నిద్రలో ఉన్నాడు.

"గొడుగు మా నాన్నదండీ," అంటోంది మరదలు. " పిడి విరిగింది కూడా."

"విరిచింది ఎవరు మరి?"

"నేనా? నేనా విరిచింది?"

బస్సత్తకి మర్నాటి నుంచి స్కూలు. తన వైపు వెళ్లే బస్సు రోడ్డుకి అవతల, మలుపు తిరిగి వస్తోంది. మళ్లీ అలాంటిది సాయంత్రానికి గానీ లేదు. వెళ్లొస్తానంటే చాలు, ముగ్గురూ ఠక్కున ఆగి ఇటు తిరుగుతారు. అయ్యో అప్పుడేనా, అనడానికి ముందు ఒక క్షణం ఎవరూ ఏమీ అనరు. ఆ ఒక్క క్షణం చాలు, బుడ్డోడు లేవడానికి.

తమ్ముడు పెద్దగా నవ్వే దాకా ఆగి, ఆ నవ్వు చప్పుడులో తలుపు గడియ తీసింది. సంచీ తీసుకుని దిగింది. తాళాలు గేటు దగ్గరున్న ఆయన చేతిలో పెట్టింది. వెనక నుంచి తమ్ముడి గొంతు వినబడింది. "నువ్వే చెప్పక్కా, పిడి ఎవరు విరిచి ఉంటారు?"

దానికి మరదలే ఏదో జవాబు చెప్పేసింది. పెద్దది కాదంది. బస్సత్త చెయ్యెత్తి బస్సు ఆపి, రోడ్డు దాటింది.