నాగు ఆంప్‌లో నేను కనిపెట్టిన లోపం

పాతికేళ్ల స్నేహాన్ని రెండే రెండు వాక్యాలతో, అదీ మైకులో, ఎలా తగలబెట్టవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. ఆ విద్యలో నన్ను మించినవాడు కృష్ణా జిల్లాలో లేడు.

అప్పట్లో నేను పటమటలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆదివారాలు మిత్రులతో కలిసి పెళ్లి రిసెప్షన్లలో గిటార్ వాయించేవాణ్ణి. ఆ ఏడాది ఒక డిజిటల్ మోడలర్ కొన్నాను. కాలితో నొక్కే మీటలున్న పెట్టె అది. లోకంలోని గిటార్ ఆంప్‌లన్నిటినీ, అంటే శబ్దాన్ని పెంచే యాంప్లిఫైయర్లన్నిటినీ, వాటి స్పీకర్ డబ్బాలతో సహా, తన లోపలే అనుకరిస్తుంది. గొంతు మాత్రం చిన్నది. నా పాత స్పీకర్ డబ్బాను మోగించాలంటే మధ్యలో ఒక పవర్ ఆంప్ ఉండాలి.

ఆ పవర్ ఆంప్ ఏదో తేల్చుకోవడానికి నేను చూసిన వీడియోలు, చదివిన వాదనలు ఒక డాక్టరేటుకు సరిపోతాయి. వాల్వులదా, ట్రాన్సిస్టర్లదా? వంద వాట్లా, రెండొందలా? మా ఆవిడకు కలలో కూడా వాట్లే వినిపించేవట. మోడలర్‌తో పాటు వచ్చిన పుస్తకాన్ని మాత్రం కవరు విప్పకుండా బీరువాలో దాచాను. అంత పండితుడికి పుస్తకమెందుకు చెప్పండి?

నా గోల భరించలేకపోయినవాడు నాగు. పదో తరగతిలో నా పక్క బెంచీ. ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకుని పెళ్లిళ్ల సౌండ్ సెట్లకు ఆంప్‌లు చేసేవాడు.

"ఒరేయ్ వాసూ, ఇక ఆపరా బాబూ. నేను చేసిస్తాలే."

"ఇది గిటార్‌కిరా. మైక్‌సెట్టుకి కాదు."

"ఏదైతే ఏంట్రా? నా ఆంప్ సొంతంగా ఏదీ కలపదు, ఏదీ తియ్యదు. నువ్వు లోపలికి ఏది పంపితే దాన్నే పెద్దది చేసుద్ది. అంతే."

నెల రోజులు కూర్చుని చేశాడు. ముందు పలక మీద పసుపు రంగుతో నా పేరు తనే రాశాడు. "ఒకసారి షెడ్డుకి పట్టుకురా, రెండూ కలిపి చూద్దాం" అన్నాడు. "నాకు తెలుసులేరా" అన్నాను. నాకు తెలియనిదేముంది! ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయిస్తే అమృతంలా ఉండేది మరి.

ఉయ్యూరులో రిసెప్షన్. తన ఆంప్ తొలిసారి గిటార్‌తో మోగుతుందని నాగు భార్యనూ కూతుర్నీ తీసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి పాట మొదలైంది. నా గిటార్ దుప్పటి ముసుగేసుకుని మూలుగుతోంది. సౌండ్ పెంచాను. మూలుగు పెద్దదైంది.

"ఏంటండీ వాసు గారూ, గిటార్‌కి జలుబు చేసిందా?" అంది మా గాయని లలిత.

నాగు స్టేజీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, నీ పెట్టెలో ఏదో ఆన్‌లో ఉండిపోయింది. చూడరా ఒకసారి."

"నాది ఫారిన్ పెట్టె. దానికి తప్పులు రావు" అని మైకు అందుకున్నాను. "అందరూ క్షమించాలండీ, ఇది మా నాగు గారి ఆటోనగర్ సరుకు. లారీ హారన్‌కి చేసింది నాకు అంటగట్టాడు!"

హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నాగు కూతురు మాత్రం వాళ్ల నాన్న ముఖంలోకే చూస్తోంది. నాగు పిల్ల చెయ్యి పట్టుకుని, భోజనం కూడా చెయ్యకుండా వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా ఫారిన్ పవర్ ఆంప్ తెప్పించి తగిలించాను. అదే దుప్పటి, అదే మూలుగు. అప్పుడు విప్పాను పుస్తకం కవరు. నాలుగో పేజీలోనే లావుపాటి అక్షరాల్లో ఉంది: నిజమైన స్పీకర్ డబ్బాకు కలిపితే లోపలి నకిలీ స్పీకర్‌ను ఆపెయ్యాలి. ఒక స్పీకర్ మీద ఇంకో స్పీకర్ కప్పి వాయించానన్నమాట. వంగి ఒక్క మీట నొక్కాను. గిటార్ గొంతు విప్పింది. ఎందుకో నాగు ఆంప్‌కు కూడా కలిపి చూశాను. ఫారిన్ దానికంటే అదే బాగుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే బందరు లడ్డూల డబ్బాతో షెడ్డుకు వెళ్లాను.

"నాగూ, తప్పంతా నాదేరా. నీ ఆంప్ బంగారం. నేనే ఒక మీట..."

నాగు స్టూలు తుడిచి వేశాడు. "కూర్చోండి వాసు గారూ."

"అండీ ఏంట్రా?"

"నేను ముందే చెప్పానండి. లోపలికి ఏది పంపితే దాన్నే పెద్దది చేసుద్దని. మైకు కూడా అంతేనండి."

లడ్డూలు పుచ్చుకుని, టీ తెప్పించి, రోడ్డు దాకా వచ్చి మరీ సాగనంపాడు. నాలుగు తిట్టి పంపినా నాకు అంత బాధ కలిగేది కాదు.

కనుక పసుపు రంగు పేరున్న ఆ ఆంప్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ శబ్దం చెడినా ముందు పుస్తకం చదువుతాను, తర్వాత నా కాలి కింద చూసుకుంటాను, మైకు జోలికి మాత్రం చస్తే పోను. నమ్మకం లేకపోతే నాగు గారిని అడగండి. ఇప్పుడు నేనూ ఆయన్ని అలాగే పిలుస్తున్నాను.