ఒక్కసారే అడిగే దేశం

జర్మనీకి వెళ్లేముందు హైదరాబాదులో మాకు రెండు రోజులు మర్యాదలు నేర్పించారు. వ్యాపారానికి పరాయి దేశం పోయే ఆడవాళ్లు ఎలా నిలబడాలి, ఎలా కూర్చోవాలి అన్న పాఠాలు. చెయ్యి కలిపితే గట్టిగా పట్టుకోవాలట. మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడాలట. పెళ్లయిందా, పిల్లలెందరు అని అడగనే వద్దట. అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంటికొచ్చి అద్దం ముందు చెయ్యి ఊపుతుంటే మా ఆయన చూసి, "అద్దానికి గూడ షేక్‌హ్యాండ్ ఇస్తున్నవా?" అని నవ్వాడు. నన్ను ముంచే సంగతి మాత్రం ఆ నోట్‌బుక్కులో లేదు. నేర్పినవాళ్లను అనుకుని ఏం లాభం? అదొక మర్యాద అని అప్పటికి నాకే తెలియదు.

జఫర్‌గఢ్‌లో మాది బొంతలు కుట్టే ఆడవాళ్ల సంఘం. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టడమే మా పని. చీరలు ఉతికి, చింపి, పేర్చేది మా ఊరివాళ్లు. మొగుళ్లపల్లిలో ఉన్న మా చుట్టాలామె నలుగురిని కూడగట్టి నడుమ కుట్టు కుట్టిస్తుంది. అంచు మాత్రం మహబూబాబాద్ దగ్గరి ఒక తండాలో ఒకామె చేతి మీదుగానే పూర్తికావాలి. లంబాడీ ఆడవాళ్ల లంగాలకు వేసే కుట్టునే బొంత చుట్టూ తిప్పేది. ఆమె నన్ను అక్కా అంటుంది, నేను చెల్లే అంటాను. ఆ అంచు లేకపోతే మా బొంతను ఎవరూ చేత్తో పట్టుకోరు.

ఏటా దసరా వెళ్లగానే చెల్లె, ఆమె మొగుడు ఇంటికి తాళం వేసి హైదరాబాదుకు మేస్త్రీ పనికి పోయేవాళ్లు. ఒక్కతే బిడ్డ. దాన్ని ఎవరి దగ్గర వదులుతారు? వెంట తీసుకుపోయేవాళ్లు. రెండేళ్లు అలాగే సగం చదువు పోయింది. ఆ యేడు పిల్ల పదో తరగతికి వచ్చింది. నేను బయలుదేరేముందు బొంతలు ఇవ్వడానికి వచ్చి చెల్లె ఒకటే మాట అన్నది. "అక్కా, పెద్ద ఆర్డరొస్తే ఈ యేడు మేం పోం. ఇంటికాడనే కుట్టుకుంట ఉంటం. పిల్ల పది రాస్తది." తెస్తానని నేను మాటిచ్చాను.

జర్మనీ సంతలో మాకు చిన్న గది లాంటి స్థలం ఇచ్చారు. మొదటి రోజు చాలామంది వచ్చారు, బొంతలు నిమిరారు, పోయారు. రెండో రోజు తెల్లజుట్టు ఆవిడ ఒకరు వచ్చి బొంతను తిరగేసి లోపలివైపు చూసింది. తిరగేసి చూసిందంటే కుట్టు తెలిసిన మనిషి. అంచు మీద వేలు పెట్టి చుట్టూ నడిపించింది. మూడో రోజు మళ్లీ వచ్చింది. మాకిచ్చిన దుబాసీకి హిందీ వచ్చు, నాకు మన వైపు హిందీ వచ్చు. అలా మాట కలిసింది. ఇంత మంచి అంచు తాను ఎక్కడా చూడలేదంది. ఏడాదికి మూడు వందల బొంతలు, మూడేళ్లపాటు ఇస్తారా అని అడిగింది.

నా నోరు పడిపోను. "అయ్యో, అన్నెందుకు మేడమ్, మీకే ఇబ్బంది. ముందు ఓ పదో ఇరవయ్యో తీసుకోండి, తర్వాత చూద్దాం" అన్నాను.

వద్దని కాదు. ఎవరైనా మంచి మాట అంటే వెంటనే చెయ్యి చాపడం మాకు రాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని తినమంటే, కడుపు కాలుతున్నా సరే, "ఇప్పుడే తిన్నం" అంటారు. "గట్లెట్ల, జరంత తినురి" అని మనం మళ్లీ అనాలి. వాళ్లు మళ్లీ కాదనాలి. మూడోసారికి కంచం ముందు కూర్చుంటారు. మొదటిసారే కూర్చుంటే ఎగబడ్డారని అంటారు. నాకు పుట్టిన దగ్గరినుంచీ ఇదే తెలుసు. ఆవిడ కూడా "కాదు కాదు, మూడు వందలే కావాలి" అంటుందని చూస్తున్నాను. అనగానే సరే అందామని మనసులో మాట సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ తల ఊపింది. చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. చెయ్యి కలిపి వెళ్లిపోయింది. నేర్పినట్టే గట్టిగా పట్టుకున్నాను, కళ్లలోకి చూశాను. అన్నీ సరిగ్గా చేశాను.

మళ్లీ వస్తుందని సాయంత్రం దాకా నీళ్లు తాగడానికి కూడా లేవలేదు. రాలేదు. మరునాడు ఉండబట్టలేక దుబాసీని వెంటబెట్టుకుని వెతకబోయాను. రెండు వరుసల అవతల వేరే దేశం వాళ్ల దుకాణంలో కాగితాల మీద సంతకం పెడుతోంది. నేను సిగ్గు చంపుకుని చెప్పాను, మూడు వందలూ ఇస్తామని, ఎన్నంటే అన్ని ఇస్తామని. ఆవిడ కళ్లద్దాలు తీసి నా చెయ్యి పట్టుకుంది. "నిన్న మీరు చేయలేమని నిజం చెప్పారు. చాలామంది చెప్పరు, ఒప్పుకుని తర్వాత ఆలస్యం చేస్తారు. మీ నిజాయితీ నాకు నచ్చింది. ఇక్కడ మాట ఇచ్చేశాను" అంది. దుబాసీ అది హిందీలో చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. నా మొగమాటానికి ఆవిడ నిజాయితీ అని పేరు పెట్టింది. ఏమని దిద్దను?

తిరిగొచ్చిన మూడో రోజు తండాకు పోయాను. అప్పటికే ఆర్డరు సంగతి వినడానికి తండాలోని పది మంది ఆడవాళ్లు చెల్లె ఇంటి ముందు కూర్చున్నారు. చెప్పాల్సింది ఒక్క ముక్క. ఆర్డరొచ్చింది, నేనే పోగొట్టాను. దారంతా ఆ మాటే అనుకుంటూ పోయాను. "ఏమాయెనక్కా?" అని చెల్లె అడిగింది. అందరూ నా ముఖమే చూస్తున్నారు. "వాళ్లకు నచ్చలేదట" అన్నాను.

చెల్లె లోపలికి పోయి, తన దగ్గరున్న బొంతను తెచ్చి ఒళ్లో వేసుకుంది. "ఏ కాడ నచ్చలేదక్కా? అంచేనా?" అంది. "ఏమో" అన్నాను నేను. ఆమె వేలితో అంచు తడుముకుంటూ పోయి ఒకచోట ఆగింది. "గిదో, గీడ జర వంకరున్నది. ఆళ్లు చూసిండ్రు గావచ్చు." అక్కడ ఏ వంకరా లేదు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

దసరా వెళ్లాక చెల్లె వాళ్లు ఎప్పటిలాగే హైదరాబాదుకు పోయారు. వెనకటి ఏళ్లలో అన్నట్టు వస్తూ పోతూ ఉంటామని ఈసారి అనలేదు. తర్వాత మా సంఘానికి బెంగళూరు నుంచి చిన్న ఆర్డరొకటి వచ్చింది. చెల్లెకు ఫోన్ చేశాను. వెనకాల కంకర మిషన్ మోత.

"నాతోని వద్దక్కా, సంఘం పేరు ఖరాబైతది. మంచిగ కుట్టెటోళ్లకియ్యి."

"నీ కుట్టు మంచిదే చెల్లే. నీ అంత మంచి అంచు ఎవ్వలకు రాదు" అన్నాను. ఆ తెల్లజుట్టు ఆవిడ అన్న మాటే అది.

"నా మనసు నొయ్యద్దని నువ్వట్లంటవు. నాకు తెల్వదా?" అంది. కోపమేమీ లేదు ఆ గొంతులో. నామీద జాలిపడుతున్నట్టే ఉంది.

తప్పు నాదేనని అప్పుడైనా చెప్పాల్సింది. పిల్ల ఏదని అడిగాను.

"ఈడనే ఉన్నదక్కా, మేస్త్రీకి ఇటుకలందిస్తున్నది."