కాకులు లేని దీవి

కౌలాలంపూర్‌లో మా చెల్లెలింటికి ఇళ్ళమ్మే ఏజెంటు ఒకడు వచ్చి, ఫోనులో కరీబియన్ దీవి బొమ్మలు చూపించాడు. చెల్లెలూ మరిదీ ఉద్యోగాలు మానేశాక అక్కడే ఉండిపోతారట. మొగుడు పోయి ఒంటిదాన్నయ్యానని నన్నూ రమ్మన్నారు. నిజం చెప్పొద్దూ, వెళ్ళాలనే అనిపించింది. మా ఊరు సుంగై సుమున్‌లో నన్ను పలకరించే దిక్కు లేదు.

ఒక్కటే అడిగాను. "అక్కడ కాకులుంటాయా నాయనా?"

"కాకులా! ఒక్కటి కూడా లేదమ్మా. చాలా శుభ్రమైన దీవి" అన్నాడు గొప్పగా.

ప్రతి అమావాస్యకీ మా ఆయన పేరు చెప్పి అన్నం, వేపిన నెత్తళ్ళ చేపలు గోడ మీద పెడతాను. కాకి ముట్టాకే నేను తింటాను. చెల్లెలికి ఆ సంగతి తెలుసు.

"ఏ పిట్ట తింటే ఏటప్పా? బావ సూడ్డానికి వస్తాడేటి లాహ్?" అని మలాయ్ వాళ్ళలా 'లాహ్' తగిలించి పకపకా నవ్వింది.

"కోడికి పెట్టు వదినా. మళ్ళా ఆ కోడిని మనం తినీవచ్చు" అన్నాడు మరిది.

ఛీ! నోట్లో ఉన్న కేకు ముక్క పేడలా అనిపించింది. మా ఆయన రబ్బరు తోటలో పాలు గీసి తెచ్చిన కూడు తినే మా చెల్లెలు చదువుకుంది. కేకు బయట ఊసేసి వచ్చాను.

"అక్కడ మాకు ఎవుళు వొండుతారప్పా?" అంది చెల్లెలు అప్పుడు, నేను రానేమోనని.

"నీ కూడు నువ్వే వొండుకో. నాను రాను."

మొన్న అమావాస్యనాడు ఫోను చేసింది, మనసు మారిందా అని. గోడ మీద కాకి నెత్తళ్ళు ఏరుకుంటోంది.

"నాను అన్నం తినాల, ఫోను పెట్టీ" అన్నాను.