రాజమల్లు వేప మొద్దు

మాక్లూర్‌లో పసుపు ఉడకబెట్టే పొయ్యిలకు కట్టెలు కావాలంటే రాజమల్లే దిక్కు. తొంభైలలో ఊళ్లో మొదటి పెట్రోలు రంపం కొన్నది అతనే. అది మొదలైతే పక్కవాడి మాట వినపడదు. ఒక్క చప్పుడు మాత్రం దాన్నీ దాటుకుని వచ్చేది: గూడు పోయిన రామచిలుకల అరుపు. అది వింటే అతని ప్రాణం ఉసూరుమనేది. ఎవరికీ చెప్పుకోలేదు. కట్టెలు కొట్టేవాడు పిట్టల కోసం బాధపడతాడంటే నవ్వరూ మరి!

అందుకే తన వాకిట్లో వేప ఎండిపోయినప్పుడు పడగొట్టలేదు. కొమ్మలు కోసేసి, రెండు నిలువుల మొద్దు ఉంచాడు. రంపం మొనతో పైన చిలుకలకు తొర్రలు, కింద ఉడుతలకు సందులు తొలిచాడు. చుట్టూ తీగలు, పక్కన ఒక నెమలి చెక్కాడు. నెమలి కోడిలా వచ్చిందని భార్య హన్మవ్వ నవ్వింది. నిజమే, కోడే. రంపం మిషను చల్లారగానే ఒక చిలుకల జంట వచ్చి తొర్రలోకి తొంగి చూసింది.

ఆ సంబరంలోనే తప్పు చేశాడు. పని ముగిసిందని అలవాటుగా మిషనుకూ మొద్దుకూ పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. పొద్దున్నే బీడీల కార్ఖానాకు పోతున్న పక్కింటి లింగవ్వ ఆ బొట్టు చూసి చెప్పులు విడిచింది. వారం తిరగకముందే కింది సందులో దీపం, ఊదుబత్తుల పొగ, చుట్టూ ఆడవాళ్లు. చిలుకలు మళ్లీ రాలేదు. గుడ్లు పెట్టే కాలం జారిపోతోంది. వద్దందామంటే దేవుణ్ని వద్దన్నట్టే.

శుక్రవారం లింగవ్వ దీపంతో రాగానే అడ్డం నిలబడ్డాడు.

"దీపం పెట్టకు అక్కా. లోపట పురుడున్నది."

"ఎవలికి?"

"రామచిలుకకు. గుడ్లు పెట్టింది."

లింగవ్వ నాలుక కరుచుకుంది. పురుడున్న చోట పూజ ఎవరు చేస్తారు? దీపం వెనక్కి తీసుకుపోయి మిగతావాళ్లకూ చెప్పింది.

"గింత పచ్చి అబద్ధమా?" అంది హన్మవ్వ. రాజమల్లు మొద్దు మీది మసి గీకి, బొట్టు కడిగేశాడు. పసుపు పొయ్యిల కాలం వచ్చినా వాకిట్లో రంపం ముట్టలేదు.

కొన్నాళ్లకు ఆడచిలుక తొర్రలో దూరి, ఇక అక్కడే ఉండిపోయింది. ఆ రోజే లింగవ్వ గోడ అవతల నుంచి కేకేసింది.

"హన్మవ్వా, ఇంక పురుడేనా?"

"ఔ అక్కా, మా ఇంట్ల పురుడే."

పెళ్లయి ఇరవై ఏళ్లు. పిల్లలు లేని ఆ ఇంటి గురించి హన్మవ్వ ఆ మాట అనడం అదే మొదటిసారి. అనేసి, గోడ పక్కనే కూలబడి ఏడ్చింది.