పుట్టింట్లో వాచిన కాలు

తార్నాకలో గంగాధర్ గొప్పలు మొదలుపెడితే, చౌరస్తాలో సిగ్నల్ పచ్చబడ్డా బండ్లు కదలవు. విని పోదామని ఆగిపోతాయి. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు, కడప మనిషి. తమ ఊరి బావి నీళ్లు తాగి ముసలెద్దు మళ్లీ దూడయిందని ఒట్టేసి మరీ చెప్పగల సమర్థుడు. ఆయన భార్య ధరణి రాజమండ్రి పిల్ల. ఆయన కోతలకు ఊ కొట్టడం కాపురంలో సగం పని. మిగతా సగం, నోరు మూసుకోవడం. ఆ రెండోదే ఇప్పుడామె ప్రాణం మీదికి తెచ్చింది.

రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. రేడియేషన్ అయింది. ఇక ఏళ్ల తరబడి రోజుకో మాత్ర. ఒంట్లోని హార్మోను ఆ జబ్బుకు మేత కాకుండా అడ్డుకుంటుందట. రాసిచ్చే ముందు డాక్టర్ నిరోష అడిగింది.

"కాళ్లల్ల గానీ ఊపిరితిత్తులల్ల గానీ ఎప్పుడన్న రక్తం గడ్డ కట్టిందామ్మా? లివర్ ప్రాబ్లం? డిప్రెషన్‌కు గోలీలేమన్న వాడుతున్నరా?"

ధరణి నోరు తెరిచేలోపే గంగాధర్ అందుకున్నాడు. డాక్టరు ఆడమనిషిని అడిగితే పక్కనున్న మగాడు జవాబు చెప్పడం వాళ్లింటి మర్యాద.

"ఏమీ లేవు మేడం. మా ఇంటికొచ్చినాక తలనొప్పి మాత్ర గూడా మింగిండ్లేదు. ఇనుప మనిషి!"

పాపం, ఆయన జన్మలో కోత అనుకోకుండా కోసిన కోత అదొక్కటే.

ఇరవయ్యేళ్ల కిందట, తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లి కూతురు పూజను కన్నాక, ధరణి ఎడమకాలు అరటిబోదెలా వాచింది. నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. పొట్టకు సూదులు, నెలల తరబడి మందులు. తల్లి శ్యామలాంబ కూతురి చేత ఒట్టు వేయించుకుంది. "మీ అత్తారికి పొక్కనివ్వకే. రోగిష్టిదాన్ని అంటగట్టారంటారు." అల్లుడికి మాత్రం బాలింత నీరని చెప్పింది. అల్లుడు నమ్మాడు. తన మాటలు లోకం నమ్మినట్టే, లోకం మాటలు తనూ నమ్మే రకం.

రేపు టిఫిను తిన్నాక మొదటి మాత్ర. ఆ రాత్రి ధరణి వంటింట్లోకి వెళ్లి తల్లికి ఫోన్ చేసింది.

"ఆ కాలి సంగతి డాక్టరుకి చెప్పాలమ్మా."

"ఇప్పుడెందుకే ఆ గోల? ఇన్నేళ్లు దాచావు కదా. మీ ఆయన నా మొహాన ఉమ్మేస్తాడు."

"మాత్ర పడకపోతేనో?"

"అందరూ మింగట్లేదేంటి!"

తెల్లవారి అలవాటు ప్రకారం ఇద్దరూ క్యాంపస్‌లో నడకకు వెళ్లారు. గంగాధర్ ఎదురొచ్చిన ప్రతివాణ్నీ ఆపాడు. "చూడండి సార్, ఆపరేషన్ అయినట్టుందా? నన్నే దాటిపోతాది!" ఆర్ట్స్ కాలేజీ దగ్గరకొచ్చేసరికి ఇనుప మనిషి మెట్ల మీద కూలబడింది. ఎడమకాలి పిక్క పట్టుకుని ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది.

ఎదురొచ్చిన ఇంకొకాయన్ని ఆపకుండానే పోనిచ్చాడు గంగాధర్. ఆ దారిలో నడిచే కాకులకు కూడా అది కొత్త.

"నాకు తెలీకుండానా?"

"మీరు ఊరంతా ఇనుప మనిషని చాటుతుంటే ఎట్లా చెప్పనండీ?"

"సరే, అది మళ్లీ తిట్టుకుందాం. మాత్ర మింగితివా?"

"లేదు."

ఆయన ఊపిరి వదిలాడు. "లెయ్. పోదాం పా."

నిరోష ముందు ఈసారి ధరణే మాట్లాడింది. డాక్టర్ కలం కింద పెట్టేసింది.

"ఇది మొదలే చెప్పాలె గదమ్మా. ఈ గోలీతోని మళ్ల గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతది. అది ఊపిరితిత్తులకు పోయిందంటే..." ఆపేసింది. "ఇప్పుడు మాత్రం మొదలుపెట్టొద్దు. ముందు కాలు స్కాన్ చేపిద్దాం. రక్తం జబ్బుల డాక్టర్ను గూడ అడుగుత. వేరే మందు పనికొస్తదేమో చూడాలె."

"అది లేకపోతే క్యాన్సర్ తిరగబెట్టదా మేడం?" అడిగింది ధరణి.

"ఆ భయం గూడ ఉన్నది. అందుకే తొందరగ తేల్చుకోవాలె." అని, అలవాటుగా గంగాధర్ వైపు తిరిగింది. "వాళ్లింట్ల ఇంకెవరికన్న ఇట్ల అయిందా సార్? అమ్మకు, అక్కచెల్లెండ్లకు?"

గంగాధర్ నోరు తెరిచాడు. మూశాడు.

"నన్నడగొద్దు మేడం. ఆమెనే అడగండి."

ధరణికి తెలియదు. కూతురి కాలే దాచిన తల్లి, తన కాలు దాచలేదని నమ్మకమేంటి? అక్కడే కూర్చుని రాజమండ్రికి ఫోన్ కలిపింది.

"అమ్మా, నీకెప్పుడైనా కాలు అట్లా వాచిందా?"

అవతల శ్యామలాంబ గొంతు తగ్గించి అడిగింది.

"పక్కన మీ ఆయన ఉన్నాడా?"

"ఉన్నారు," అంది ధరణి. "చెప్పమ్మా."