ఒకే స్లాబు కింద నాలుగు వాటాలు

అమలాపురంలో అద్దెకి దిగేవాళ్లకి ఇంటివాళ్లు చెప్పే షరతులు అందరికీ తెలిసినవే. గోడకి మేకులు కొట్టకూడదు, మోటారు ఇష్టమొచ్చినట్టు వెయ్యకూడదు, చుట్టాలొస్తే రోజుల తరబడి ఉండకూడదు. చిన్నమ్మలు ఇవేవీ చెప్పేది కాదు. తాళంచెవి చేతిలో పెడుతూ ఒకటే మాట అనేది. "మీ ఇంట్లో ఎవరికైనా కాలం తీరితే మంచం బయటికి మొయ్యక్కర్లేదండి. ఈ ఇంట్లోనే దర్జాగా పోవచ్చు."

పాలు పొంగించుకుందామని వచ్చినవాళ్లు ఆ మాటకి బిత్తరపోయేవారు. ఎదురుగా ఉన్న నా కిరాణా కొట్టుకి వచ్చి, ఆవిడకి మతి సరిగ్గానే ఉందా అని గుసగుసగా అడిగేవారు. ఉందని చెప్పి ఉప్పూ పసుపూ కట్టి ఇచ్చేవాణ్ని.

మతి ఉండబట్టే ఆవిడ ఆ మాట అనేది. మొగుడు పోలిరాజు అంబాజీపేటలో లారీలకి కొబ్బరికాయలు ఎత్తేవాడు. కాలేయం పాడైంది. ఇక చేసేదేం లేదని డాక్టర్లు ఇంటికి పంపిస్తే, ఇంటాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తన ఇంట్లోంచి శవం లేవడానికి వీల్లేదన్నాడు. పోలిరాజు ప్రాణం కాయలు రాశిపోసే పాకలో, పీచు దుమ్ములో పోయింది. ఆ పెద్దమనిషి మర్నాడే వచ్చి, ఆ నెల అద్దె మాత్రం మర్చిపోకుండా అడిగాడు.

ఆ తరవాతే చిన్నమ్మలు మస్కట్ వెళ్లింది. అక్కడ పరాయి వంటింట్లో పన్నెండేళ్లు పొగ మింగి తిరిగొచ్చి, మా వీధిలో ఒక పాత పెంకుటిల్లు కొంది. ముందు ఇల్లు, వెనక విడివిడిగా మూడు గదులు, దేని కప్పు దానిదే. వాసాలు మార్చి పెంకు తిరగనేయిస్తే సరిపోతుందని తాపీమేస్త్రి త్రిమూర్తులు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆవిడ వినలేదు. తన ఇంట్లో మంచాన పడ్డవాళ్ల మీద వానచుక్క పడకూడదంది. తెచ్చిన డబ్బు చాలక బ్యాంకులో అప్పు తీసుకుని, కప్పులన్నీ దింపించి, గోడలు లేపి, మధ్య సందులు మూయించి, నాలుగు వాటాల మీదా ఒకే స్లాబు పోయించింది. పైన మడులు కట్టించి, నెల్లాళ్లు తనే బిందెలతో నీళ్లు మోసి తడిపింది. వాటాకో బాత్రూము, వాటాకో మీటరు. మొదటి వాటాలో తను ఉండి, మిగిలినవి అద్దెకిచ్చింది. ఆ రోజుల్లో ఆవిడ నడకే వేరు. చూడముచ్చటగా ఉండేది.

రెండో వాటాలో కొరియర్ పని చేసే అనిల్ కుమార్ వాళ్ల నాయనమ్మ పోయింది. చిన్నమ్మలే పక్కన కూర్చుని తులసితీర్థం పోసింది. ముసలావిడ నిద్రపోయినంత సుఖంగా వెళ్లిపోయింది. చిన్నమ్మలు ముఖంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రానికి సిద్ధాంతిగారు వచ్చేరు. పోయింది ధనిష్ఠా పంచకంలో అన్నారు. అంటే ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఆ అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే, ఇల్లు ఆరు నెలలు ఖాళీ చెయ్యాలి. ఆ ఒక్క వాటాకి తాళం వేస్తే చాలదా అని చిన్నమ్మలు అడిగింది. ఆయన తలెత్తి పైకి చూశారు. "కప్పు ఒకటేనమ్మా. కప్పు ఒకటైతే ఇల్లూ ఒకటే" అన్నారు.

త్రిమూర్తులు చెప్పినట్టు పెంకులు ఉంచుకుని ఉంటే ఒక్క గది మూతపడేది. నాలుగు వాటాలూ మూతపడ్డాయి. తనకి నమ్మకం లేదనీ, అక్కడే ఉంటాననీ ఆవిడ మొండికేసింది. కానీ ఒక్కర్తీ ఉంటే అద్దెలెవరిస్తారు? ఉన్నవాళ్లు వారం తిరక్కుండా సామాన్లు సర్దేశారు. వీధిలో ఆడవాళ్లు ఆ గుమ్మం ముందు నడవడం కూడా మానేశారు. అలా భయపడ్డవాళ్లలో ఒక్కరికీ ఆ ముసలావిడ పేరైనా తెలీదు. ఆఖరికి తన ఇంటికి తనే తాళం వేసుకుని, చిన్నమ్మలు క్యాటరింగువాళ్ల వెంట పెళ్లిళ్లకి వంటకి పోయింది. బ్యాంకు వాళ్లకి మాత్రం నక్షత్రాలతో పనిలేదు కదా.

ఇల్లు తెరిచాక టు-లెట్ బోర్డు చాన్నాళ్లు గాలికి ఊగింది. మొదట వచ్చింది శ్రీరామచంద్రమూర్తి మాస్టారూ, భార్య సత్యనారాయణమ్మగారూ. ఆయన రామచంద్రపురంలో ప్రైవేటు బళ్లో తెలుగు చెప్పి రిటైరైనవారు. పిల్లల్లేరు, పెన్షనూ లేదు, గుండె సగమే పనిచేస్తోంది. మూడో వాటా చూసి, గది సంగతి ఒక్కటీ అడగలేదు. మీరేదో మాట అంటారట కదమ్మా, అని మాత్రం అడిగారు. చిన్నమ్మలు ఒక్క క్షణం తటపటాయించింది. "ఆయ్. ఇప్పటికీ అదే మాటండి" అంది.

రెండేళ్లు సాఫీగానే గడిచాయి. మిగతా వాటాలూ నిండాయి. మొన్న వానల్లో మాస్టారు మంచం పట్టారు. ఆస్పత్రివాళ్లు ఇంటికి పంపించేశారు. నాలుగో వాటాలో లావణ్య అని చంటిపిల్ల తల్లి, అందరి తరఫునా వచ్చి మర్యాదగానే చెప్పిందట, పంచకం వస్తోంది ఆంటీ, మేమైతే ఖాళీ చేసేస్తామండి అని.

చిన్నమ్మలు నా కొట్టుకొచ్చి, గోడమీది క్యాలెండరు దించి, చత్వారంతో వెతుక్కుంది. నక్షత్రం మర్నాడు మధ్యాహ్నం మారుతుంది. "ఈలోగా అయిపోతుందంటారా అన్నయ్యగారూ?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. ఏమిటి అయిపోయేది అని అడగబోయి, ఆవిడ మొహం చూసి, క్యాలెండరు తీసుకుని మళ్లీ మేకుకి తగిలించాను.

మర్నాడు పదయ్యేసరికి మూడో వాటా ముందు జనం చేరారు. పరామర్శకి వచ్చినట్టే నిలబడ్డారు, గడియారాలు చూసుకున్నారు. ఒక మనిషి ఇంకా పోలేదని అంతమంది విసుక్కోవడం నేనదే చూడటం. మాస్టారికి చెవులు బాగానే పనిచేస్తున్నాయి. చిన్నమ్మల్ని లోపలికి పిలిచారు. నేను గ్లూకోజు పొట్లం ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను.

"నక్షత్రం మారుతోందటమ్మా. నన్ను ఆస్పత్రికి పంపించేయండి. నా మూలాన మీ ఇల్లు మళ్లీ మూతపడకూడదు" అన్నారు.

సత్యనారాయణమ్మగారు చిన్నమ్మలు వంక చూశారు. నేనూ చూశాను. వద్దండీ అన్న ఒక్క మాట చాలు. ఆ మాటకోసమే కదా ఆవిడ పన్నెండేళ్లు గిన్నెలు తోమింది, అంత స్లాబు పోయించింది. ఆవిడ పెదవులు కదిలాయి కూడా.

"ఆయ్. ఆటో పిలుస్తానండి" అంది.

ఆస్పత్రి వరండాలో ఒక మంచం దొరికింది. మాస్టారు పోలేదు. ధనిష్ఠ దాటారు, మిగతా నాలుగూ దాటారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల చెప్పుల మధ్య, వానజల్లులో, రేవతి కూడా గడిపి, అశ్వని వచ్చిన తెల్లవారుజామున కన్నుమూశారు. ఏ దోషమూ లేదు, దివ్యమైన ఘడియ అన్నారు సిద్ధాంతిగారు.

కబురు తెలియగానే చిన్నమ్మలు మూడో వాటా కడిగించి, ముందు షామియానాకి చెప్పి, నన్ను వెంటబెట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. వరండాలో సత్యనారాయణమ్మగారి కాళ్ల దగ్గర కూలబడింది.

"ఇప్పుడేం అడ్డు లేదండి. మనింటికి తీసుకెళ్దాం. కర్మలన్నీ అక్కడే జరిపిద్దాం, ఖర్చు నాదండి" అంది.

ఆవిడ కసురుకోలేదు, ఏడవలేదు. భర్త ముఖం మీద ముసురుతున్న ఈగల్ని చెంగుతో తోలుతూ మాట్లాడారు.

"మొన్న ఆటో ఎక్కించాక, మీరు వెనక్కి పిలుస్తారని ఆయన వీధి చివరిదాకా ఆపి ఆపి పోనిమ్మన్నారమ్మా. పోయినాయనకి ఇల్లెందుకండి?"

మాస్టారిని అట్నుంచటే కాలవగట్టు శ్మశానానికి తీసుకెళ్లిపోయాం.